వారంటు చెడినచో దర్యాప్తు చెడునా?

పొరుగింటి మాటలు గోడచాటున నిలిచి వినరాదని బడిపిల్లలకు నేర్పుదురు. ప్రభుత్వమే ఆ పనికి పూనుకొన్నచో న్యాయస్థానము అనుమతి కావలయును. విదేశ గూఢచర్య విషయమున ఇట్టి అనుమతి నొసగుటకు అమెరికాలో 1978లో చట్టము చేసి, ప్రత్యేక న్యాయస్థానము నేర్పరచిరి. అచ్చట విచారణ రహస్యము. ఎవని మాటలు వినబోవుచున్నారో వానికిగాని, వాని న్యాయవాదికిగాని అందు ప్రవేశము లేదు. కావున అధికారి ప్రమాణము చేసి చెప్పిన మాటయే న్యాయమూర్తికి కన్నును, చెవియును.

2016 అధ్యక్ష ఎన్నికల వేళ డొనాల్డ్ ట్రంపు ప్రచారవర్గమునకు రష్యాతో సంబంధము కలదా యని ఎఫ్.బి.ఐ. జులై 31న దర్యాప్తు ప్రారంభించెను. అక్టోబరులో, ఆ వర్గమునకు సలహాదారుగా నుండిన కార్టర్ పేజిపై నిఘాకు వారంటు పొంది, 2017లో మూడు పర్యాయములు పొడిగించుకొనెను.

2019 డిసెంబరులో న్యాయశాఖ ఇన్‌స్పెక్టరు జనరలు మైకేల్ హోరోవిట్జ్ నివేదిక వెలువడెను. ఆ దరఖాస్తులలో 17 ముఖ్యమైన తప్పులు, లోపములు బయటపడెను. మాజీ బ్రిటిషు గూఢచారి క్రిస్టఫర్ స్టీల్ సమకూర్చిన కథనములను అందు వాడుకొనిరి. వాటికి మూలమైన వ్యక్తి స్వయముగా చెప్పిన మాటలు ఆ కథనములను బలహీనపరచుచున్నను ఆ సంగతి కోర్టునకు తెలుపలేదు. పేజి మునుపు మరొక అమెరికా గూఢచార సంస్థకు సమాచార మందించినవాడు. ఎఫ్.బి.ఐ. న్యాయవాది కెవిన్ క్లైన్‌స్మిత్ ఒక ఈమెయిలును దిద్ది, అతడు ఆ సంస్థకు సమాచారమిచ్చువాడు ‘కాడు’ అను అర్థము వచ్చునట్లు చేసెను. వ్యతిరేకార్థక మొక్కటి వాక్యము నెట్లు తలక్రిందులు చేయునో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు! 2020లో అతడు నేర మంగీకరించెను. 2021లో 12 నెలల ప్రొబేషను మాత్రము పడెను. చివరి రెండు వారంటులకు తగిన ఆధారము లేకుండెనని న్యాయశాఖయే ఒప్పుకొనెను.

ఇక దర్యాప్తు మాట. అక్రమముగ గ్రహించిన సాక్ష్యమును, దానినుండి పుట్టిన సాక్ష్యమును అమెరికా న్యాయస్థానములు ‘విషవృక్ష ఫలము’ అని త్రోసివేయును. వేరు మార్గమున లభించినది మాత్రము నిలుచును. పేజిపై నేరారోపణయే జరుగలేదు గనుక త్రోసివేయుటకు విచారణయే లేకపోయెను. దర్యాప్తునకు బీజము స్టీల్ కథనములు కావనియు, జార్జి పపడోపౌలస్ అను మరొక సలహాదారుని గూర్చి ఆస్ట్రేలియా దౌత్యవేత్త ద్వారా వచ్చిన సమాచారమే యనియు, ఆరంభమున కది చాలుననియు హోరోవిట్జ్ నిర్ణయించెను. అంతటి సమాచారముతో పూర్తి దర్యాప్తు తెరువరాదని 2023లో జాన్ డర్హాము అనెను. వీరిరువురి భేదము ప్రారంభమును గూర్చినది. వారంటుల దోషమును ఇరువురును కాదనలేదు.

వ్యాజ్యమే కూలిన సందర్భమును కలదు. పెంటగాన్ పత్రములను వెల్లడించిన డానియల్ ఎల్స్‌బర్గుపై కేసును 1973లో న్యాయమూర్తి కొట్టివేసెను. అతని మనోవైద్యుని కార్యాలయమున ప్రభుత్వపు మనుషులు చొరబడుట, చాటుగ విన్న సంభాషణల దాఖలాలను కోర్టునకు చూపలేకపోవుట అందులకు ముఖ్య కారణములు. పేజి విషయమున కూలినది వ్యాజ్యము కాదు, నమ్మకము. దానిని నిలబెట్టుట మరింత కష్టము.

ఇది రాజకీయ ద్వేషమే యని కొందరు తలచిరి. హోరోవిట్జ్ 2020లో మరి 29 దరఖాస్తులను పరిశీలింపగా, నాలుగింటికి ఆధారపత్రముల దస్త్రములే దొరకలేదు. తక్కిన 25లో ప్రతిదానియందును తప్పులో, ఆధారము చాలని మాటలో కనబడెను.