మనసుకు తగిలిన దెబ్బ: ప్రభుత్వ వైద్యం పొందే దారి

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము ముందుగా చూసేది పాల సేకరణ రిజిస్టరు. ఒక సభ్యుని నంబరు ఎదుట పదిహేను రోజులు ఖాళీగా ఉంటే కారణం అడుగుతాము. గేదె వట్టిపోయిందనో, అమ్మేశారనో, ప్రైవేటు వారికి పోస్తున్నారనో చెబుతారు. అప్పుడప్పుడు మాత్రం కార్యదర్శి గొంతు తగ్గించి మరొక మాట అంటాడు. "ట్రాక్టరు బోల్తాపడి కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆయన మనిషిలా లేడండీ." "వరదలో పశువులు కొట్టుకుపోయిన దగ్గర్నుంచీ ఆవిడ వాన చినుకు పడితే వణికిపోతోందండీ."

పల్లెల్లో దీనిని దడుపు అంటారు, గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. తాయెత్తును మేము తప్పుపట్టబోము. అంతటితో ఆగిపోవడమే నష్టం. వైద్యులు దీనిని మానసిక ఆఘాతం అంటారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన నాటికి ఈ జబ్బుకు ఇప్పుడున్న పేరే లేదు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన గ్రంథంలో చేర్చిన తరువాతనే అది వాడుకలోకి వచ్చింది. ఆ రోజుల్లో బతికి బయటపడినవారు దానిని మౌనంగానే మోశారు. ఇప్పుడు అలా మోయనక్కరలేదు.

ప్రమాదం, వరద, దాడి, ఇంట్లో బలవన్మరణం, ఇలాంటివి చూసిన మొదటి రోజుల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం సహజమే. చాలామందికి కొద్ది వారాలలో తగ్గుతుంది. ఒక నెల దాటినా అదే సంఘటన కళ్ళముందు జరుగుతున్నట్లు ఉండటం, పీడకలలు రావడం, ఆ చోటికి, ఆ మాటకు దూరంగా తప్పుకు తిరగడం, చిన్న చప్పుడుకే అదిరిపడటం, అయినవారిపై కసురుకోవడం కనిపిస్తే వైద్యుని వద్దకు వెళ్ళవలసిందే. చచ్చిపోవాలన్న మాట వస్తే నెల కాదు గదా, ఒక్క రోజు కూడా ఆగరాదు. మనిషిని ఒంటరిగా వదలరాదు, పురుగుమందు డబ్బాలు ఇంట్లో నుంచి తీసివేయాలి.

మొదటి నెలలో ఇంటివారు చేయవలసినది తక్కువే. దగ్గర ఉండటం, వేళకు తిండి పెట్టడం, చెబితే వినడం. "ఏం జరిగిందో మొత్తం చెప్పు" అని బలవంతపెట్టడం మేలు చేయదు. నిద్రమాత్రల విషయం కూడా గమనించండి. ఆఘాతం తగిలిన తొలి నెలలో ఆ బాధలకు మత్తు కలిగించే డయాజిపామ్ వంటి మాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే అలవాటు మానుకోవాలి. సారా సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఎక్కడికి వెళ్ళాలి? ఇంట్లో కూర్చునే చేయగలిగినది ఫోను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. డబ్బు పడదు, రాత్రింబగళ్ళు పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చును. ముందు సలహాదారు మాట్లాడతారు, అవసరమైతే మనోవైద్యునికి అందిస్తారు. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీలకు 181 నంబరు, సఖి కేంద్రం వేరుగా ఉన్నవి.

తరువాతి మెట్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడి డాక్టరు చూసి పైకి పంపుతారు. జిల్లా ఆసుపత్రులలోను, ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలోను మానసిక వైద్య విభాగాలున్నాయి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పని ఇదే. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ఆసుపత్రులు, ఆపైన బెంగుళూరు నిమ్‌హాన్స్ ఉన్నవి. అంత దూరం పోవలసిన అవసరం అందరికీ రాదు.

అసలు ఇబ్బంది ఇక్కడే ఉన్నది. ఓ.పి. చీటీ తీసుకుని వరుసలో నిలబడితే డాక్టరుగారు మాట్లాడేది కొద్ది నిమిషాలు. మాత్రలు రాస్తారు, రోగి తిరిగి వస్తాడు, వైద్యం అయిపోయిందనుకుంటాడు. ఈ జబ్బుకు ముఖ్యమైనది మాటలతో చేసే చికిత్స. శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు ఆ జ్ఞాపకాన్ని రోగి భరించగలిగినంత మేరకు, మెల్లమెల్లగా ఎదుర్కొనేలా చేస్తారు. సాధారణంగా ఇది 8 నుంచి 12 సార్లు కూర్చోవలసిన పని. కళ్ళను ఇటూ అటూ కదిలిస్తూ చేసే ఇ.ఎం.డి.ఆర్. అనే పద్ధతి కూడా ఉన్నది. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. కనుక డాక్టరును ఇలా అడగండి: "మాత్రలతో పాటు క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు పంపుతారా? ఏ రోజు రావాలి?" ఆ రోజు చీటీపై రాయించుకోండి. నిపుణులు లేరంటే ఏ ఆసుపత్రిలో ఉన్నారో అడిగి అక్కడికి ఉత్తరం తీసుకోండి. సంఘటన ఎప్పుడు జరిగింది, నిద్ర ఎన్ని గంటలు, ఏమేమి మందులు వాడారు అన్నవి ముందే కాగితంపై రాసుకుపోతే ఆ కొద్ది నిమిషాలూ వృథా కావు. రోగి నోరు విప్పకపోతే వెంట వెళ్ళినవారు చెప్పగలరు.

మందులలో సెర్ట్రలిన్ వంటివి వాడతారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకు "పనిచేయలేదు" అని మానివేయడం, తగ్గగానే చెప్పకుండా ఆపివేయడం రెండూ పొరపాట్లే.

చట్టం సంగతి సభ్యులకు తెలిసి ఉండాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం హక్కు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి కార్డు ఉన్నా లేకపోయినా ఉచితమే. రోగి వివరాలు రహస్యంగా ఉంచాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలే గాని శిక్షించరాదని ఆ చట్టమే చెబుతున్నది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో లేదు. ఆసుపత్రివారు పోలీసులకు తెలియజేస్తారు, అది వారి నియమం. జైలుకు పంపుతారన్న భయంతో పురుగుమందు తాగిన మనిషిని ఇంట్లో దాచిపెట్టడం వల్ల ప్రాణం పోతుంది.

సంఘం చేయగలిగినది కొంత ఉన్నది. రేటు చార్టు పక్కన 14416 పెద్ద అక్షరాలతో రాయించండి. పట్నం వెళ్ళే రోజున తోడు వెళ్ళే మనిషిని చూడండి, ఆ పూట పాలు పితికి తెచ్చే ఏర్పాటు ఇరుగుపొరుగు సభ్యులు చేసుకోవచ్చును. ప్రయాణ ఖర్చుకు పాల బిల్లు మీద అడ్వాన్సు ఇవ్వాలనుకుంటే పాలకవర్గం తీర్మానం చేయాలి. మినిట్సు పుస్తకంలో జబ్బు పేరు రాయనక్కరలేదు, "వైద్య ఖర్చుల నిమిత్తం" అని రాస్తే చాలును.