పాత బండికి వీల్ స్పేసర్లు: అపోహలు – వాస్తవాలు

కువైట్‌లోని షువైఖ్ పారిశ్రామిక వాడలో గ్యారేజీల మధ్య తిరిగితే పాత బండ్లంటే కువైటీలకు ఎంత ప్రాణమో తెలుస్తుంది. అరవై సిరీస్ ల్యాండ్ క్రూయిజర్లు, వై60 పాట్రోల్‌లు, మస్టాంగులు అక్కడ మళ్లీ ప్రాణం పోసుకుంటాయి. వాటిని నడిపేవాళ్లలో, విప్పి బిగించేవాళ్లలో కడప, గోదావరి జిల్లాల మనవాళ్లూ ఉన్నారు. చక్రం బాడీ అంచుదాకా బయటికి రావాలని యజమాని అడగ్గానే చక్రానికీ హబ్‌కీ మధ్య పెట్టే స్పేసర్ల మాట వస్తుంది. వాటి గురించి చెప్పుకునేవాటిలో కొన్ని ప్రాణాల మీదికి తెచ్చేవి.

అపోహ: బెజ్జాలు కలిస్తే స్పేసర్ సరిపోయినట్టే.

వాస్తవం: ల్యాండ్ క్రూయిజర్‌కీ పాట్రోల్‌కీ ఆరు బెజ్జాలే, రెండిటికీ వాటి వలయం వ్యాసం 139.7 మిల్లీమీటర్లే. కానీ టయోటా స్టడ్డు మర ఎడం (పిచ్) 1.5 మి.మీ., నిస్సాన్‌ది 1.25. ఒకదాని నట్టు మరొకదానికి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. దాన్ని ఎయిర్ గన్‌తో బలవంతంగా ఎక్కిస్తే స్టడ్డు మర చెడుతుంది. పాత అమెరికన్ బండ్లయితే అంగుళాల మర. మస్టాంగ్ వీ8 స్టడ్డు మందం అర అంగుళం. స్పేసర్ మధ్య బెజ్జం, అది కూర్చునే హబ్ వ్యాసం కూడా కాలిపర్‌తో కొలవాల్సిందే.

అపోహ: చక్రం మీది బరువంతా స్టడ్లే మోస్తాయి, గట్టి స్టడ్లుంటే చాలు.

వాస్తవం: నట్లు బిగించినప్పుడు చక్రం, స్పేసర్, హబ్ ఒకదానికొకటి నొక్కుకుంటాయి. బరువును మోసేది ఆ ముఖాల మధ్య రాపిడే. అందుకే ఈ పనిలో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది శుభ్రత. నలభై ఏళ్ల హబ్ మీద తుప్పు వలయం కట్టి ఉంటుంది, దాని మీద ఎవరో వేసిన పెయింటు, ఆపైన తూజ్ (దుమ్ముగాలి) తెచ్చిన సన్నదుమ్ము. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకాలి. డ్రమ్ము జారకుండా ఫ్యాక్టరీలో స్టడ్డుకు తొడిగిన రేకు క్లిప్పు ఉంటే తీసెయ్యాలి, డ్రమ్ము స్క్రూ తల పైకి లేచి ఉందేమో వేలితో తడిమి చూడాలి. స్పేసర్‌ను ఉత్తచేత్తో ఆనించి ఊపితే కదలకూడదు.

అపోహ: ఈ ఎండకు అల్యూమినియం స్పేసర్ సాగి నట్లు వదులైపోతాయి.

వాస్తవం: 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం కాబట్టి ఈ భయం సహజమే. లెక్క వేరు. వేడికి అల్యూమినియం స్టీలు స్టడ్డు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, అంటే బిగింపు కాస్త పెరుగుతుంది. 25 మి.మీ. మందానికి వంద డిగ్రీలు పెరిగినా ఆ తేడా 0.03 మిల్లీమీటరు లోపే. నట్లు వదులయ్యేది మధ్యలో మిగిలిన పెయింటు, తుప్పు నలిగిపోయినప్పుడు. చక్రం చల్లారాక టార్క్ రెంచితో, బండి మాన్యువల్ చెప్పినంతే బిగించాలి.

అపోహ: 5 మి.మీ. పలక ఏం చేస్తుంది, ఉన్న స్టడ్ల మీదే తొడిగెయ్యొచ్చు.

వాస్తవం: 12 మి.మీ. స్టడ్డుకు నట్టు కనీసం 12 మి.మీ. మర పట్టాలి. 1.5 మరకు అది ఎనిమిది చుట్లు. 5 మి.మీ. పలక అందులో మూడు చుట్ల పైనే తినేస్తుంది. చుట్లు తగ్గితే పొడవు స్టడ్లు వెయ్యాలి. రెండు స్పేసర్లు ఒకదాని మీద ఒకటి వెయ్యడం మాత్రం ఏ లెక్కలోనూ ఒప్పుకోదగింది కాదు. సొంత స్టడ్లున్న మందపాటి స్పేసర్‌కు ఇంకో చిక్కు: బండి పాత స్టడ్డు 32 మి.మీ. ఉండి స్పేసర్ 25 అయితే 7 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది. చక్రం వెనక దానికి గుంట లేకపోతే చక్రం ముఖానికి ఆనదు.

అపోహ: వెడల్పు పెరిగితే బండి కుదురుగా పోతుంది.

వాస్తవం: మలుపులో బరువు ఒక పక్కకు మళ్లడం కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ముందు చక్రాలు బయటికి జరిగేకొద్దీ బేరింగుల మీద భారం పెరుగుతుంది, గుంతల్లో స్టీరింగ్ చేతిని లాగుతుంది. అవసరమైనంతే వెయ్యాలి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి టైరు ఎక్కడైనా రాస్తోందేమో చూడాలి. బండిలో మనుషులు కూర్చున్నాక మరోసారి చూడాలి.

50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ బిగించాలి. బయటివి మాత్రమే బిగిస్తే పని సగమే అయినట్టు. స్పేసర్‌ను హబ్‌కు పట్టి ఉంచే నట్లు చక్రం విప్పితేనే కనబడతాయి. బన్షర్ (పంక్చర్) షాపులో టైరు మార్పించేటప్పుడు ఈ బండికి స్పేసర్లు ఉన్నాయని ముందే చెప్పి, లోపలి నట్లు కూడా అప్పుడే చూపించుకోండి.