లంచ్ బాక్స్ ఖాళీ అయితేనే రేసర్!



మా ఏడో తరగతి బాబు ఒకరు వారం రోజులుగా లంచ్ బాక్స్ సగం కూడా తినడం లేదు. అడిగితే, "రేసర్ అవ్వాలంటే సన్నగా ఉండాలి మేడమ్" అన్నాడు. 2023లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా-ఈ రేసు చూసినప్పటి నుంచి తనకదే కల.

కలను కాదనకండి, నిజం చెప్పండి. డ్రైవర్లు బరువు కోసం కడుపు మాడ్చుకోకూడదనే ఫార్ములా వన్‌లో 2019లో నిబంధన మార్చారు. డ్రైవర్, సీటు కలిపి కనీసం 80 కిలోలు ఉండాలి. తక్కువైతే ఆ మేరకు కారులో బరువు పెడతారు. 2025లో దాన్ని 82కి పెంచారు.

డ్రైవర్‌కు కావాల్సింది బలం. వేగంగా మలుపు తిరిగేటప్పుడు తల, హెల్మెట్ బరువు మెడకు నాలుగైదు రెట్లుగా తెలుస్తుంది. సింగపూర్ లాంటి వేడి రేసులో చెమటతోనే రెండు కిలోలకు పైగా తగ్గవచ్చు. ఒంట్లో నీరు తగ్గితే ఏకాగ్రతా తగ్గుతుంది.

ఇంట్లో ఇలా చేయండి:
• ఉదయం ఇడ్లీ లేదా రాగి జావ, గుడ్డు
• మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు
• ఆటకు ముందు అరటిపండు, తర్వాత మజ్జిగ. ఎనర్జీ డ్రింకులు వద్దు
• ఈత, పరుగు, స్కిప్పింగ్. కోచ్ లేకుండా మెడ వ్యాయామాలు వద్దు
• రాత్రి తొమ్మిది గంటల నిద్ర

మీ ఇంటికీ బాక్స్ నిండుగా తిరిగొస్తే తిట్టకండి. ఎందుకు తినలేదో ఒక్కసారి అడగండి.