మా యింటి గినీపందులు

మూషికజాతి జంతువులకును మన గృహములకును గల సంబంధము వైరసంబంధమే. ఎలుక ధాన్యమును తినును. చిట్టెలుక పుస్తకములను కొఱుకును. పందికొక్కు గోడల పునాదులను త్రవ్వును. వీనిని పట్టుటకై బోను పెట్టని యిల్లు మిక్కిలి యరుదు. అట్టి జాతిలోనిదే యగు నొక ప్రాణిని మేము కోరి తెచ్చుకొని మూడేండ్లుగా మా యింట పెంచుచున్నాము. చూడవచ్చినవారిలో కొందఱు దీనిని కుందేలందురు, కొందఱు పందిపిల్ల యందురు. దీని చరిత్రమును, స్వభావమును, దీనివలన మా దినచర్యలో కలిగిన మార్పులను చదువరులకు విన్నవింప దలచితిమి.

దీని పేరు గినీపంది. ఇది పందియు గాదు, గినీదేశపుదియు గాదు. గినీ ఆఫ్రికా పశ్చిమతీరమున నున్నది. ఈ ప్రాణి జన్మస్థానము దక్షిణ అమెరికా. పంది యనుటకు కారణము మాత్రము చూచినంతనే తెలియును. లావైన దేహము, ఉన్నదో లేదో తెలియని మెడ, పొట్టికాళ్లు, బయటికి కనబడని తోక, మాటిమాటికి గుఱ్ఱుమను ధ్వని — ఇవి యన్నియు పందిపిల్లను తలపించును. 1758లో లిన్నయస్ పండితుడు దీనికి లాటిను భాషలో "చిన్న పంది" యను నర్థము వచ్చు పేరే పెట్టెను. మన పూర్వులును ఒక పెద్ద యెలుకలో పందిని చూచి పందికొక్కు అనిరి. ఆ తెలుగుమాటయే ఇంగ్లీషులో "బాండికూట్" అయినది. ఎచ్చటివారైనను ప్రాణులకు పేర్లు పెట్టుటలో ఒకే తీరున నాలోచింతు రనుట కిది యొక నిదర్శనము.

పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశములలో నున్న ఆండీస్ పర్వతప్రాంతపు జనులు కొన్నివేల యేండ్లకు పూర్వమే దీనిని మచ్చిక చేసిరి. వారు దీనిని పెంచినది ముద్దునకు గాదు, మాంసమునకు. వంటయింటి నేలపై, పొయ్యి వెచ్చదనములో, పచ్చగడ్డియు కూరగాయల తొక్కలును తినుచు ఇది పెరిగెను. ఆ దేశములలో నేటికిని ఇది యాహారమే. వారి భాషలో దీనిపేరు "కూయి". పెరూదేశపు కుస్కో నగరములోని పెద్దదేవాలయమున, 18వ శతాబ్దమునాటి చిత్రకారుడగు మార్కోస్ జపాటా రచించిన క్రీస్తు కడరాభోజన చిత్రములో బల్లమీద పళ్లెములో నున్నది ఈ ప్రాణియే యని చెప్పుదురు. 16వ శతాబ్దములో ఇది సముద్రము దాటి యూరపు చేరెను. 1554లో గెస్నరను పండితుడు దీనిని వర్ణించెను. 1580 ప్రాంతమున ఇంగ్లండులో చిత్రింపబడిన ముగ్గురు బాలబాలికల పటములో వారి చేతియందొక గినీపంది కనబడును. ఒక ఖండమున పళ్లెములోనిదైన ప్రాణి మఱియొక ఖండమున పిల్లల యొడి చేరినది.

ఈ చరిత్రలో గమనింపవలసిన దొకటి కలదు. పెంపుడు గినీపంది నేడు అడవిలో నెచ్చటను లేదు. అనేక తరములు మనుష్యుని నీడనే పెరుగుటచేత ఇది స్వతంత్రజీవనమును మఱచినది. ఇది చెట్టెక్కలేదు, పిల్లివలె గోళ్లతో పోరాడలేదు. భయము కలిగినపుడు పరుగెత్తి దాగుకొనును. లేదా కదలక మెదలక బిగిసి నిలుచును. రోగము వచ్చినను దానిని దాచుకొనును. బలహీనముగా కనబడిన జంతువునే క్రూరమృగము ముందుగా పట్టును గదా! కావున దీని క్షేమమంతయు పెంచువాని కన్నులయందే యున్నది.

మా యింట నున్నవి రెండు ఆడ గినీపందులు. తెల్లనిదానికి పిల్లలు మల్లి యనియు, నల్లని మచ్చలుగల దానికి చుక్కి యనియు పేర్లు పెట్టిరి. ఒక్కొక్కటి జానెడు కంటె కొంచెము పొడవుగా నుండును. తూకము కిలోగ్రామునకు కొంచెము తక్కువ. ముందుకాళ్లకు నాలుగేసి వ్రేళ్లు, వెనుకకాళ్లకు మూడేసి వ్రేళ్లు. బాగుగా పెంచినచో అయిదాఱేండ్లు, ఒక్కొక్కప్పుడు ఎనిమిదేండ్ల వఱకును జీవించును. వీనిని ఒంటిగా నుంచుట తగదు. గుంపుగా బ్రదుకు స్వభావము గలవి గావున తోడు లేనిచో కృశించును. స్విట్జర్లండు దేశములో 2008లో ఏర్పడిన నిబంధనల ప్రకారము గినీపందిని తోడు లేకుండ పెంచుట చట్టవిరుద్ధము. ఆడు మగలను కలిపి యుంచినచో సంతతి త్వరలోనే యింటికి మించిపోవును. గర్భకాలము రెండునెలలకు పైబడి యుండును. ఎలుకపిల్లలు కన్నులు తెఱవక, వెండ్రుకలు లేక పుట్టును. గినీపందిపిల్లలో, నిండువెండ్రుకలతోను, తెఱచిన కన్నులతోను, పండ్లతోను పుట్టి, ఒకటి రెండు దినములలోనే గడ్డి కొఱుక నారంభించును.

తెల్లవారుట మాకు గడియారమువలన గాక వీని యీలవలన తెలియుచున్నది. వంటయింటి తలుపు చప్పుడైనను, కాగితపు సంచి గలగలలాడినను, "ఆహారము వచ్చుచున్న"దని గ్రహించి రెండును "వీక్ వీక్" మని యిల్లు మాఱుమ్రోగునట్లు ఈలవేయును. వీని భాష చిన్నదైనను స్పష్టమైనది. నెమ్మదిగా నిమిరినచో గొంతులో గురగుర మనును. కోపము వచ్చినచో పండ్లు టకటక లాడించును. సంతోష మధికమైనచో పేలాలు పెనమునుండి యెగిరినట్లు నిలుచున్నచోటనే గాలిలోకి ఎగురును. రాత్రియంతయు నిద్రించుట వీనికి లేదు. రాత్రింబవళ్లు కొంచెము కొంచెముగా కునుకుతీసి, ఉదయ సంధ్యయందును సాయంసంధ్యయందును మిక్కిలి చుఱుకుగా నుండును.

ఆహారములో ముఖ్యమైనది ఎండుగడ్డి. అది యెల్లవేళల ముందుండవలెను. దీనికి రెండు కారణములు కలవు. మొదటిది, వీని నోట నున్న 20 పండ్లును జీవితాంతము పెరుగుచునే యుండును. ముతకగడ్డిని నమలుటచేతనే అవి యరుగును. రెండవది, వీని ప్రేగులు ఎడతెగక పనిచేయుచుండవలెను. ఒకదినము ఆహారము లేకున్నను ప్రాణాపాయము కలుగును. ఇవి తమ మెత్తని పెంటికలను తామే తిరిగి తినును. చూచువారికి ఏవగింపు కలిగినను ఇది దురభ్యాసము గాదు. మొదటిసారి జీర్ణముగాని సారమును గ్రహించుటకై ప్రకృతి యేర్పఱచిన యుపాయము.

మూడవ విషయము అన్నిటికంటె ముఖ్యమైనది. చాల జంతువులు తమకు కావలసిన "సి" విటమినును తమ శరీరములోనే తయారుచేసికొనును. మనుష్యునికిని గినీపందికిని ఆ శక్తి లేదు. ఈ రహస్యము బయలుపడిన తీరు వినదగినది. 1907లో నార్వేదేశమున హోల్స్టు, ఫ్రోలిక్ అను నిరువురు శాస్త్రజ్ఞులు, ఓడలలోని నావికులకు వచ్చు నొక రోగమును పరిశోధించుచు, గినీపందులకు ధాన్యము మాత్రమే పెట్టిరి. వానికి స్కర్వీ యను వ్యాధి కలిగెను. పచ్చికూరలు పెట్టినచో ఆ వ్యాధి రాలేదు. పిమ్మట 1932లో సెంట్‌జ్యార్జీ పండితుడు తాను వేఱుచేసిన పదార్థమే "సి" విటమినని ఈ ప్రాణులమీద పరీక్షించియే నిర్ణయించెను. అతనికి 1937లో నోబెల్ బహుమానము లభించెను. నాడు గినీపందులు చెప్పిన పాఠమునే నేడు మేము వానికి వడ్డించుచున్నాము. గరిక, కొత్తిమీర, బెంగుళూరు మిరప ముక్కలు నిత్యమును, జామపండు ముక్క యప్పుడప్పుడును పెట్టుదుము. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, పాలు, వండిన యన్నము వీనికి నిషిద్ధములు. చుట్టములు ప్రేమతో బిస్కత్తు పెట్టబోయినపుడు చేయి పట్టుకొని వారింపవలసి వచ్చుచుండును.

మన దేశమున వీనికి ప్రబలశత్రువు వేసవి. చల్లని పర్వతభూములలో పుట్టినవి గావున 18 మొదలు 24 డిగ్రీల వఱకు గల వాతావరణము వీనికి హితము. 30 డిగ్రీలు దాటినచో వడదెబ్బకు లోనగును. మనవలె చెమట పోసి దేహమును చల్లార్చుకొనజాలవు. మన ప్రాంతమున ఏప్రిలు, మే మాసములలో వేడి 40 డిగ్రీలు దాటుట కలదు. ఆ దినములలో మా యింటిలోని చల్లని గది వానిదే. కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడికలు కట్టుదుము; నేలపై నాపరాతి పలకలు పఱచుదుము; నీటిసీసాలో గడ్డకట్టించిన నీటిని గుడ్డలో చుట్టి ప్రక్కన నుంతుము. రెండేండ్లుగా వేసవిసెలవులలో ఇల్లు తాళము వేసి అందఱమును ఊరికి పోవుట మానితిమి.

గడచిన వర్షాకాలమున సంభవించిన విషయ మొకటి యిట వ్రాయవలసియున్నది. ప్రతి యాదివారమును వీనిని వంటయింటి త్రాసులో తూచి, తూకమును ఒక పుస్తకమున వ్రాయుట మా యింట నియమము. ఒక యాదివారము మల్లి తూకము 940 గ్రాముల నుండి 860 గ్రాములకు దిగినది. చూచుట కది యెప్పటివలెనే యుండెను. ఈలవేసెను, గడ్డికై పరుగెత్తివచ్చెను. కాని శ్రద్ధగా గమనింపగా, గడ్డిపోచను నోట పట్టుకొని మఱల విడిచివేయుచుండెను. పశువైద్యుడు పరీక్షించి, లోపలి దవడపండ్లు పెరిగి నాలుకను అదుముచున్నవని కనుగొని, మత్తు నిచ్చి వానిని అరుగదీసెను. తరువాతి నాలుగుదినములును దానంతట అది తినలేదు. గడ్డిపొడిని నీటిలో కలిపి, సూదిలేని సిరంజితో రెండు మూడు గంటల కొకసారి, రాత్రులందును, ఇంటివారము వంతులవారీగా పోసితిమి. అయిదవదినము తెల్లవాఱుజామున అది తానే యొక కొత్తిమీరరెమ్మను నమలి మ్రింగినది. నెలదినములలో పూర్వపు తూకమునకు వచ్చినది. దాని ముఖము చెప్పని రోగమును త్రాసు చెప్పినది. మఱియొక వారము ఆలస్యమైన ఆ ప్రాణము దక్కి యుండదని వైద్యుడు చెప్పెను.

మందుల విషయమున నొక హెచ్చరిక. మనుష్యుల ప్రాణములను లెక్కలేనంతమందివి నిలిపిన పెనిసిలిన్ గినీపందికి విషతుల్యము. దాని ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులను నశింపజేసి చంపును. కావున ఇంటిలో నున్న మాత్రను విఱిచి పెట్టుట ఎన్నటికిని తగదు.

ఈ ప్రాణికి మనుష్యజాతి ఋణపడియున్నది. 1782-83 శీతకాలమున ఫ్రాన్సులో లవోయిసియర్, లాప్లాసులు గినీపందిని మంచుతో చుట్టబడిన పాత్రలో నుంచి, కరగిన మంచును కొలిచి, శ్వాసించుట యనగా మెల్లగా జరుగు దహనమే యని వివరించిరి. 1882లో క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని నిరూపించుటకు కాక్ పండితుడు గినీపందులనే యుపయోగించెను. ప్రయోగమునకు లోనగు మనుష్యునిగూడ ఇంగ్లీషువారు గినీపంది యని వ్యవహరించుట అందుచేతనే కలిగినది.

దీనిని చదివి తామును పెంప గోరు విద్యార్థు లుందురేమో. వారికి మేము చెప్పదగిన దిది. జత కొనుటకు ధనము, విశాలమైన చోటు, చల్లనిగది, సమీపమున చిన్న జంతువుల నెఱిగిన వైద్యుడు, ఇంటి పెద్దల సమ్మతి — ఇవి ముందుగా చూచుకొనవలెను. వీని కంటెను ముఖ్యమైనది మఱియొకటి కలదు. పరీక్షల దినములలోను, పండుగనాడును, జ్వరము వచ్చిననాడును ఉదయమే లేచి గడ్డి వేసి, నీరు మార్చి, అది తినుచున్నదా లేదా యని ఒక్క నిమిషము నిలిచి చూడగలమా? ఈ ప్రశ్నకు అయిదాఱేండ్లపాటు ప్రతిదినమును "చూడగల"మని చెప్పగలవారే దీనిని ఇంటికి తెచ్చుకొనుట మేలు. తక్కినవారు పెరటి జామచెట్టు మీది యుడుతలను చూచి యానందింపవచ్చును. వానికి మన సేవ యక్కఱలేదు.