సుంకం తగ్గితే కార్మికుడి కూలి పెరుగుతుందా?

గుజరాత్‌లోని సూరత్ నుంచి హజీరాకు వెళ్లే దారిలో ఇచ్ఛాపూర్ ఉంది. గుజరాత్ హీరా బోర్స్‌కు చెందిన రత్నాభరణాల పార్కు ఇక్కడే నెలకొంది. ప్రపంచంలోని ప్రతి పది వజ్రాలలో సుమారు తొమ్మిదింటిని సానపట్టేది సూరత్ ప్రాంతంలోనే. ముడి వజ్రం విదేశాల నుంచి వస్తుంది. సానపట్టిన వజ్రంలో అధిక భాగం విదేశాలకే వెళుతుంది. అందువల్ల దేశాల మధ్య కుదిరే వాణిజ్య ఒప్పందాలకు, ఇక్కడి కార్మికుల జీవనానికి దగ్గరి సంబంధం ఉంది.

పరస్పర దిగుమతి సుంకాలను తగ్గించుకునేందుకు లేదా తొలగించుకునేందుకు దేశాలు చేసుకునేదే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో భారత్ చేసుకున్న ఒప్పందం 2022 మే 1న అమల్లోకి వచ్చింది. భారతీయ బంగారు ఆభరణాలపై అక్కడ ఉన్న 5 శాతం సుంకం దానితో తొలగింది. బ్రిటన్‌తో 2025 జులై 24న ఒప్పందం కుదిరింది. భారతీయ దుస్తులపై అక్కడ సుంకం 12 శాతం వరకు ఉండగా, బంగ్లాదేశ్ దుస్తులకు అది లేదు. ఈ వ్యత్యాసాన్ని తొలగించడం ఆ ఒప్పంద ఉద్దేశాల్లో ఒకటి. తెలంగాణ నేత కుటుంబాలు, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న గంజాం జిల్లా కార్మికులు ఎందరో సూరత్ మరమగ్గాలపై ఆధారపడి ఉన్నందున, వస్త్ర ఎగుమతుల ప్రశ్న వారికీ వర్తిస్తుంది.

ఇక పేదరికం విషయానికి వస్తే, ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో తీవ్ర పేదరిక రేఖను రోజుకు 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు సవరించింది. ఇది మార్కెట్ మారకపు రేటు కాదు, కొనుగోలు శక్తి ఆధారంగా వేసిన లెక్క. దీని ప్రకారం భారత్‌లో తీవ్ర పేదరికం 2011-12లో 27.1 శాతం ఉండగా, 2022-23 నాటికి 5.3 శాతానికి తగ్గింది. అయితే రేఖను 4.20 డాలర్లకు పెంచితే పేదల వాటా 23.9 శాతంగా తేలుతుంది. అంటే తీవ్ర పేదరికం నుంచి బయటపడినా, దానికి ఎంతో దూరం వెళ్లనివారు కోట్లలో ఉన్నారు.

వాణిజ్యంలోని ఒడుదొడుకులు ముందుగా తాకేది వీరినే. సుంకం తగ్గితే ఆ లాభం ముందు కొనుగోలుదారుకు, ఎగుమతిదారుకు చేరుతుంది. ఆర్డర్లు పెరిగి, కార్మికులకు గిరాకీ ఏర్పడినప్పుడే కూలి పెరుగుతుంది. నష్టం మాత్రం అంతకాలం ఆగదు. వజ్రాల పనిలో చాలామందికి రాయికింత చొప్పున కూలి లభిస్తుంది. రాళ్లు రాకపోతే కూలీ రాదు. 2008 ఆర్థిక సంక్షోభంలో సూరత్ కర్మాగారాలు మూతపడి, అనేకులు సౌరాష్ట్రలోని సొంత గ్రామాలకు తిరిగి వెళ్లారు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారతీయ వస్తువులపై 50 శాతం సుంకం విధించినప్పుడు, అంతకుముందు సుంకం లేని సానపట్టిన వజ్రాలూ దాని పరిధిలోకి వచ్చాయి.

కాబట్టి ఒప్పందం మార్కెట్‌కు తలుపు తెరవగలదు గానీ, పని ఆగిన నెలలో ఇల్లు గడిచే మార్గం చూపలేదు. ఆ భరోసా కనీస వేతనం, భవిష్య నిధి, ఈఎస్ఐ వంటి దేశీయ ఏర్పాట్ల ద్వారానే రావాలి. అవి రాయికింత లెక్కన పనిచేసే కార్మికుడి వరకూ చేరినప్పుడే, తగ్గిన సుంకం తగ్గిన పేదరికంగా మారుతుంది.