కారులో బీచ్ ట్రిప్‌కి వెళ్తున్నారా? నీడ కోసం టెంట్ కొనే ముందు ఈ గాలి లెక్క చూసుకోండి!

పలాస వాళ్లకి శివసాగర్ బీచ్, టెక్కలి వాళ్లకి భావనపాడు, సోంపేట వాళ్లకి బారువ. పొద్దున్నే కారులో సామాను సర్దుకుని వెళ్లి, అక్కడే వండుకుని తిని సాయంత్రానికి ఇంటికొచ్చే ట్రిప్పులు ఇప్పుడు మామూలైపోయాయి. ఫోన్‌లో రీల్స్ చూసి చాలామంది నీడ కోసం మడత టెంట్లు కూడా ఆర్డర్ పెడుతున్నారు.

అసలు సినిమా మధ్యాహ్నం మొదలవుతుంది. రెండు దాటేసరికి సముద్రం మీద నుంచి గాలి తోసుకొస్తుంది. టెంట్ ఒక మూల లేస్తుంది. నలుగురు నాలుగు కాళ్లు పట్టుకుని కూర్చుంటారు. పిక్నిక్ కాస్తా కాపలా డ్యూటీ అవుతుంది. అది కూడా అదృష్టం బాగుంటేనే. ఇనుప కాళ్లున్న పందిరి గాల్లోకి లేచి పిల్లల మీద పడితే పరిస్థితి ఏంటి?

అందుకే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మన తీరంలో నీడ కొనేటప్పుడు ముందు చూడాల్సింది గాలి. ఎండ రెండోది. వాన మూడోది. ఎందుకో, ఎలాగో చూద్దాం.

ఉద్దానంలో నీడ కొనుక్కోవడం ఏంటి?

నిజమే, ఉద్యానవనం అనే మాట నుంచే ఉద్దానం అనే పేరు వచ్చిందంటారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి.. ఎటు చూసినా కొబ్బరి, జీడి తోటలే. కానీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఏళ్ల తరబడి పెంచిన చెట్లు ఒక్క పూటలో నేలకొరిగాయి. మళ్లీ నాటిన మొక్కలు పాత చెట్లంత నీడ ఇవ్వాలంటే టైం పడుతుంది.

ఉన్న తోటల్లోకైనా ఇష్టం వచ్చినట్టు వెళ్లలేం. జీడి పిక్కలు రాలే వేసవిలో రైతులు తోటలకి కాపలా ఉంటారు. అడగకుండా కారు దింపితే మాట పడాల్సి వస్తుంది. ఇక కొబ్బరి చెట్టు కింద దుప్పటి పరిస్తే, కాయ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

బీచ్‌లో అయితే చెట్టే ఉండదు. నౌపడ ఉప్పు మడుల మీదుగా భావనపాడు వెళ్లిన వాళ్లకి తెలుసు, దారి పొడవునా తల దాచుకునే చోటు ఎంత తక్కువో! రావివలసలో ఎండల మల్లన్న కప్పు లేకుండా ఎండలోనే కొలువై ఉంటాడు. మనం ఆ ఎండకి తట్టుకోలేం కదా. సముద్రపు ఒడ్డున ఉక్కపోత వల్ల చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే మైదానాల్లో వడగాలి లెక్క 40 డిగ్రీల దగ్గర మొదలైతే, తీర ప్రాంతాలకి వాతావరణ శాఖ 37 డిగ్రీల నుంచే చూస్తుంది.

నీడ కదులుతుంది.. ఇది ముందే తెలియాలి

మే నెల మధ్యలో పలాసలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అది కూడా గడియారంలో 12 కొట్టకముందే, ఓ పది నిమిషాల ముందే. ఆ టైంలో పందిరి ఎంత ఉంటే నీడ అంత, నేరుగా కిందే పడుతుంది.

మధ్యాహ్నం 3 గంటలకి సూర్యుడు సగానికి వాలతాడు. అప్పుడు పందిరి ఎంత ఎత్తులో ఉంటే నీడ అన్ని అడుగులు తూర్పుకి జరుగుతుంది. 7 అడుగుల ఎత్తున్న పందిరి నీడ 7 అడుగులు జరుగుతుంది. పందిరి వెడల్పు 10 అడుగులే అయితే దాని కింద మిగిలే నీడ 3 అడుగులు. మిగతా నీడ బయట ఇసుక మీద పడుతుంది, మీరు మాత్రం ఎండలో కూర్చుంటారు!

అంటే ఎత్తుగా ఉండే పందిరి ఫొటోకి బాగుంటుంది కానీ, సాయంత్రం ఎండకి పనికిరాదు. పడమర వైపు ఒక గోడ కావాలి. ఆ గోడ మీ దగ్గర ఆల్రెడీ ఉంది. అదే మీ కారు.

గాలి లెక్క ఇదీ

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలు అవుతుంది. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గుడ్డకి గాలి సూటిగా తగిలితే సుమారుగా ఇలా ఉంటుంది:

- గంటకు 20 కి.మీ. గాలి: 17 కేజీల తోపు
- గంటకు 40 కి.మీ. గాలి: 70 కేజీల తోపు
- గంటకు 50 కి.మీ. గాలి: 110 కేజీల తోపు

గాలి ఏటవాలుగా తగిలితే ఇది కాస్త తగ్గుతుంది, విసురు గాలికి పెరుగుతుంది. ఇప్పుడు ఆలోచించండి. మార్కెట్లో దొరికే ఇనుప ఫ్రేమ్ మడత పందిరి బరువు మామూలుగా 15 నుంచి 20 కేజీలు. అంటే సాధారణ గాలికే దాని సొంత బరువు సరిపోవడం లేదు. "బరువుగా ఉంది కదా, ఎగరదులే" అనుకోవడమే ఇక్కడ జరిగే మొదటి తప్పు.

ఏ రకం ఎవరికి?

బీచ్ గొడుగు: తక్కువ ధర, చిన్న కారులోనూ పడుతుంది. ఇద్దరికి, గంటసేపు కూర్చోవడానికి ఓకే. కానీ గాలికి లేస్తే మొనదేలిన కర్రతో సహా ఎగురుతుంది. 2016లో అమెరికాలోని వర్జీనియా బీచ్‌లో ఇలా ఎగిరిన గొడుగు తగిలి ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు. కనీసం రెండు అడుగుల లోతు పాతలేకపోతే తెరవకండి.

విసిరితే తెరుచుకునే చిన్న టెంట్: పసిపిల్లల నిద్రకి, బట్టలు మార్చుకోవడానికి బాగుంటుంది. కానీ రెండు వైపులా గాలి ఆడే కిటికీలు లేకపోతే పగటిపూట లోపల పొయ్యి మీద కూర్చున్నట్టే. తిరిగి మడతపెట్టడం ఇంట్లోనే ప్రాక్టీస్ చేయండి. చీకటి పడ్డాక బీచ్‌లో నేర్చుకోలేరు.

10 అడుగుల మడత పందిరి: సంతల్లో, ప్రచార స్టాళ్లలో చూస్తుంటాం కదా, అదే. ఏడెనిమిది మందికి సరిపోతుంది, ఐదు నిమిషాల్లో నిలబడుతుంది. కానీ మడిచాక కూడా దాదాపు 5 అడుగుల పొడవు ఉంటుంది. చిన్న కారు డిక్కీలో పట్టదు, వెనక సీటు మడవాలి. మరి వెనక కూర్చునే వాళ్లు ఎక్కడ కూర్చోవాలి? ఇది తోటల్లో వనభోజనాలకి మంచిది. బీచ్‌లో దీనికి నాలుగు కాళ్లకీ బరువులు తప్పనిసరి.

కారు పక్కన బిగించే పందిరి: పైన క్యారియర్ ఉన్న ఎస్‌యూవీలకి సెట్ అవుతుంది. చుట్టలా ఉంటుంది, లాగితే తెరుచుకుంటుంది. తరచూ తిరిగే వాళ్లకి సుఖం. ధర ఎక్కువ. తాళ్లు కట్టకుండా వదిలేస్తే గాలికి పందిరి మాత్రమే కాదు, క్యారియర్ కూడా దెబ్బతింటుంది.

టార్పాలిన్: ధాన్యం తడవకుండా రైతులు కప్పే బరకమే. రెండు కర్రలు, నాలుగు తాళ్లు ఉంటే చాలు. సీటు కింద పడుతుంది, ఊళ్లోనే దొరుకుతుంది, చిరిగితే అతికించుకోవచ్చు. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు సరిపోతుంది.

షేడ్ నెట్: నర్సరీల్లో మొక్కలపై కట్టే ఆకుపచ్చ వల. గాలి దీని గుండా వెళ్లిపోతుంది కాబట్టి తోపు తక్కువ, కింద ఉక్కపోత కూడా తక్కువ. 50 శాతం, 75 శాతం, 90 శాతం నీడ అని రకాలుంటాయి. మనుషుల కోసం అయితే 75కి తగ్గొద్దు. వాన వస్తే మాత్రం ఇది ఆపదు.

ఎక్కువమందికి మా సలహా.. మొదటి రెండు మూడు ట్రిప్పులకి టార్పాలిన్ లేదా షేడ్ నెట్‌తో వెళ్లండి. మీరు ఎంతసేపు ఉంటారు, ఎంతమంది వస్తున్నారు అన్నది అర్థమయ్యాక వేలు పెట్టి కొనొచ్చు.

ట్యాగ్ మీద అంకెలకి అర్థం ఏంటి?

యూపీఎఫ్ 50 అంటే అతినీలలోహిత కిరణాల్లో 50వ వంతు మాత్రమే గుడ్డ దాటి వస్తుంది. ఇసుక మీద నుంచి తిరిగొచ్చే ఎండ దీనిలో కలవదు, అది పక్కల నుంచి వస్తూనే ఉంటుంది. టార్పాలిన్‌కి జీఎస్‌ఎం అని ఉంటుంది, అంటే చదరపు మీటర్ గుడ్డ బరువు ఎన్ని గ్రాములో. 90 పల్చన, 150 నుంచి 200 గట్టిది. వాటర్‌ప్రూఫ్ టెంట్ల మీద 1500 ఎంఎం, 3000 ఎంఎం అని రాస్తారు. అంకె పెరిగే కొద్దీ వానకి ఎక్కువ ఓర్చుకుంటుంది.

నీలం, నలుపు రంగులు వేడిని పీల్చుకుంటాయి. తెలుపు లేదా వెండి రంగు వైపు పైకి వేయండి. సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే, మడత పందిరి కీళ్లు వచ్చే సీజన్‌కి బిగుసుకుపోతాయి.

కట్టడం ఎలా? ఖాళీ బియ్యం బస్తాలు మర్చిపోకండి!

టెంట్‌తో పాటు వచ్చే సన్న మేకులు గట్టి నేల కోసం చేసినవి. ఇసుకలో వెన్నలో కత్తి దిగినట్టు దిగుతాయి, అంతే తేలిగ్గా బయటికి వస్తాయి. దానికి బదులు ఇంట్లో ఉన్న 25 కేజీల బియ్యం ఖాళీ బస్తాలు నాలుగు తీసుకెళ్లండి. అక్కడే సగం వరకు ఇసుక నింపితే ఒక్కోటి 20 కేజీలు దాటుతుంది. మూతి కట్టి, తాడు బిగించి, గొయ్యి తీసి పాతిపెట్టండి. పైనున్న ఇసుక బరువు కూడా కలిసి పట్టు పెరుగుతుంది. వచ్చేటప్పుడు ఇసుక అక్కడే పోసి బస్తాలు తెచ్చేసుకోండి.

ఇక కారు ఎటు పెట్టాలి? మన దగ్గర సముద్రం తూర్పు వైపు, మధ్యాహ్నం ఎండ పడమర నుంచి. కాబట్టి కారుని మీకు పడమర వైపు, గట్టి నేల మీదే ఆపండి. ఇసుకలోకి దింపితే టైర్లు కూరుకుపోతాయి. టార్పాలిన్ ఒక అంచుని కారు పైన క్యారియర్‌కి కట్టండి. సముద్రం వైపు అంచుని నాలుగు అడుగుల ఎత్తులో కర్రలకి కట్టి, బస్తాలకి బిగించండి. అటు వైపు తగ్గుగా ఉండటం వల్ల గాలి చాలావరకు పై నుంచి జారిపోతుంది, పొద్దుటి ఎండ కూడా తగ్గుతుంది. సాయంత్రం ఎండని కారు ఆపుతుంది. వాన చినుకు పడినా నీళ్లు నిలవవు.

అద్దాలకి, డోర్ హ్యాండిల్‌కి తాళ్లు కట్టొద్దు. కట్టిన తాళ్లకి రంగు గుడ్డ ముక్కలు వేలాడదీయండి, పరిగెత్తే పిల్లల కాళ్లకి తగలకుండా. కారు తీసే ముందు తాళ్లు విప్పారో లేదో చూసుకోండి.

ఎప్పుడు దించేయాలి?

గుడ్డ టపటపా కొట్టుకుంటూ, బస్తా కదిలితే ఆలోచించకుండా దించేయండి. "మత్స్యకారులు వేటకు వెళ్లొద్దు" అని హెచ్చరిక ఉన్న రోజు అసలు బయల్దేరొద్దు. ఆ హెచ్చరికల్లో తరచూ కనిపించే 45-55 కి.మీ. గాలులంటే, పైన చెప్పిన 110 కేజీల తోపు అన్నమాట. ముఖ్యంగా అక్టోబర్‌లో జాగ్రత్త. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ.. మూడూ అక్టోబర్ రెండో వారంలోనే వచ్చాయి.

పిడుగుల విషయంలో ఏ టెంటూ కాపాడదు. లోహపు కర్రలున్న పందిరి కింద నిలబడితే ఇంకా ప్రమాదం. ఉరుము వినిపించగానే అందరూ కారులోకి వెళ్లి అద్దాలు మూసేయండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. 'దామిని' యాప్ ఫోన్‌లో ఉంటే దగ్గర్లో పిడుగులు పడే అవకాశం ముందే తెలుస్తుంది.

ఇంకో రెండు తప్పులు చేయొద్దు. టార్పాలిన్ కింద గ్యాస్ పొయ్యి వెలిగించొద్దు. మూసేసిన టెంట్‌లో బొగ్గుల కుంపటి పెట్టడం, ఏసీ వేసుకుని ఆగిన కారులో నిద్రపోవడం కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వాళ్ల చోటు వాళ్లకి వదిలేద్దాం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకి విరామం. ఆ టైంలో పడవలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకునే పని జరుగుతుంది. వాళ్ల దారికి అడ్డంగా తాళ్లు కట్టొద్దు. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో గూళ్లున్న చోట ఇసుక తవ్వొద్దు, చీకటి పడ్డాక లైట్లు వేసుకుని ఉండొద్దు.

బయల్దేరే ముందు చెక్ చేసుకోండి: వెండి రంగు టార్పాలిన్ లేదా షేడ్ నెట్, రెండు గట్టి కర్రలు, 50 అడుగుల నైలాన్ తాడు, నాలుగు ఖాళీ బస్తాలు, చిన్న పార, మనిషికి కనీసం నాలుగు లీటర్ల మంచినీళ్లు. ఇవన్నీ కలిపినా చిన్న కారు డిక్కీలో సగం కూడా నిండదు. మిగతా సగంలో క్యారేజీలు పెట్టుకోండి!