కార్బరేటర్ ఓవర్‌ఫ్లో: మార్చే ముందు విప్పి చూడండి

మిరప కోతల రోజుల్లో చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు చుట్టుపక్కల పొలాల దగ్గర పాత స్ప్లెండర్లు, సీడీ 100లు, ఒకటీ అరా ఆర్‌ఎక్స్ 100 ఇప్పటికీ కనిపిస్తాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కి మారాయి. వీటికి మాత్రం కార్బరేటరే. అది ఓవర్‌ఫ్లో అయితే, బండి ఆపినా కింది పైపులోంచి పెట్రోలు కారుతూనే ఉంటుంది. చాలామంది వెంటనే కార్బరేటర్ మార్పించేస్తారు. అనవసరపు ఖర్చు.

కార్బరేటర్ అడుగు గిన్నెలో పెట్రోలు మీద ఫ్లోటు తేలుతుంటుంది. పెట్రోలు పెరిగేకొద్దీ అది లేచి, ఒక చిన్న సూదిని పై రంధ్రంలోకి నొక్కి దారి మూసేస్తుంది. డాబా మీద నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు చేసే పనే ఇది. సూది పూర్తిగా మూసుకోకపోతే పెట్రోలు పొంగుతుంది.

ఇంజను చల్లారనివ్వండి. దగ్గర్లో బీడీ, చుట్ట లేకుండా చూసుకోండి. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా రెండు దెబ్బలు వేయండి. కారడం ఆగితే సూది దగ్గర నలుసు ఇరుక్కున్నట్టే. ఆగినా ఆగకపోయినా ట్యాప్ కట్టేసి, గిన్నె అడుగు స్క్రూ వదులు చేసి ఆ పెట్రోలును గాజుసీసాలో పట్టండి. వెలుతురుకి ఎత్తి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు లోపల తుప్పు. నల్లటి మన్ను ఉంటే పొలంలో మూతలేని డబ్బాతో పోసిన పెట్రోలు. అడుగున విడిగా జారే బొట్లుంటే నీళ్లు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది చెమ్మను పీల్చుకుంటుంది, చెమ్మ మరీ ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. నెలల తరబడి కదలని బండికి ఇది మరీ చేటు. ట్యాంకు కడగకుండా కార్బరేటర్ ఒక్కటే కడిగితే జబ్బు మళ్లీ వస్తుంది.

గిన్నె విప్పాక సూది మొనను గోటితో తడిమి చూడండి. చుట్టూ గాడి తగిలితే అరిగిపోయినట్టే, మార్చాలి. అది కూర్చునే రంధ్రాన్ని గుండుసూదితో గీకవద్దు, ఒక్క గీత పడినా ఇక మూసుకోదు. ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల పెట్రోలు కదిలిన చప్పుడైతే దానికి చిల్లు పడింది. సూదిని నొక్కే రేకు వంగినా మట్టం తప్పుతుంది. దాన్ని కంపెనీ చెప్పిన ఎత్తుకే సరిచేయించాలి, కంటి అంచనా పనికిరాదు.

పెట్రోలు కారకుండా నల్లపొగ వస్తుంటే అది వేరే సంగతి. చోక్ పట్టేసిందేమో, ఎయిర్ ఫిల్టరుకు దుమ్ము పట్టిందేమో చూడాలి.

రాత్రంతా కారిన బండికి మాత్రం కిక్కు కొట్టవద్దు. పెట్రోలు ఇంజనులోకి దిగి ఉండొచ్చు. ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోక్ బండి అయితే ట్యాప్ కట్టి, ప్లగ్గు విప్పి పక్కన పెట్టి, తాళం ఆఫ్‌లో ఉంచి నాలుగైదుసార్లు తొక్కితే లోపలిది బయటికొస్తుంది. స్ప్లెండర్‌కి ఆయిలు పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, మట్టం పెరిగినా ఆ ఆయిలు పలచబడింది, బేరింగులను కాపాడలేదు. మొత్తం దింపేసి కొత్తది పోశాకే స్టార్ట్ చేయాలి.